తగ్గించిన గొంతు

మూడోసారి "హలో, చెక్" అన్నాక కూడా స్పీకర్లలో ఆ జుయ్‌మనే శబ్దం పోలేదు. మైకాయన మోకాళ్ల మీద వంగి, వేదిక కిందికి తల దూర్చి, వైరును మూర తర్వాత మూర తడుముకుంటూ వెనక్కి జరిగాడు. ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరయింది. తొమ్మిదింటికి ఆరాధన. నిన్న సాయంత్రం పాటల బృందం వాళ్లు ప్రాక్టీసు చేసుకుని, వైర్లన్నీ జడ అల్లినట్టు అల్లేసి వెళ్లారు. ఎవరి చేతుల్లోనూ దేవుడు బుద్ధి పెట్టలేదని గొణుక్కుంటూ ఒక్కో ముడీ విప్పాడు.

అతనికి యాభై రెండేళ్లు. బట్టతల, ముందుకు వంగిన భుజాలు, సోల్డరింగ్ చేసేటప్పుడు కాలిన మచ్చలున్న వేళ్లు. వారమంతా ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు బాగుచేసే చిన్న దుకాణం. పంతొమ్మిదేళ్ల కిందట ఈ చర్చిలో ఆంప్లిఫయర్ కాలిపోతే బాగుచేయడానికి వచ్చాడు. వచ్చినవాణ్ణి వదల్లేదు. రెండో ఏడు బాప్తిస్మం కూడా తీసుకున్నాడు. పాస్టరు గారు అడుగుతూనే ఉన్నారు, భార్య ఏడుస్తూనే ఉంది, ఒకసారి మునిగి లేస్తే ఇద్దరూ ఊరుకుంటారని మునిగి లేచాడు. అప్పటి నుంచి హాలు వెనక స్తంభం పక్కన అడ్డుగోడ చాటున, మైకుల శబ్దాలు సర్దే మిక్సరు ముందే అతని ఆదివారాలన్నీ గడిచిపోయాయి.

ప్రసంగం వినడు. వినడానికి తీరికేదీ? పాస్టరు గారు మైకును మింగేస్తారేమో అన్నంత దగ్గరగా పెట్టుకుంటారు. ఆవేశం వచ్చినప్పుడు వేదిక చివరికి నడిచి స్పీకరు ముందు నిలబడతారు, అది కీచుమంటుంది, అందరూ వెనక్కి తిరిగి మైకాయన్ని చూస్తారు. తప్పెప్పుడూ అతనిదే. పాటలు పాడే అమ్మాయిలు మైకు మీద టపటపా కొడతారు, కొట్టొద్దని ఎన్నేళ్లుగా చెబుతున్నా. అతనికి ఆరాధన అంటే మిక్సరు మీద లేచి పడే ఆకుపచ్చ దీపాలు. అవి ఎర్రబడకపోతే ఆ వారం బాగా జరిగినట్టే.

వీటన్నిటికన్నా పెద్ద విసుగు పెద్దమ్మ.

పెద్దమ్మ అతని తల్లికి అక్క. ముప్ఫై ఏళ్లు బిస్కెట్ల ఫ్యాక్టరీలో విరిగినవి ఏరి పక్కన పడేసే పని చేసింది. భర్త పోయాక, ఇంకెవరూ లేక, అతనింటికి వచ్చింది. దేవుడన్నా చర్చన్నా ఒకప్పుడు నోటికొచ్చినట్టు ఎగతాళి చేసేది. నాలుగేళ్ల కిందట ఒక ఆదివారం, ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చోలేనని వెంట వచ్చింది. సాక్ష్యాలు చెప్పే సమయంలో ఉన్నట్టుండి లేచి మైకు అందుకుంది. దేవుడున్నాడో లేడో తనకు తెలియదనీ, ఇక్కడ ఫ్యాను మాత్రం బాగా తిరుగుతోందనీ చెప్పింది. హాలంతా నవ్వింది. మైకాయనకు తల కొట్టేసినట్టయింది.

ఆ రోజుతో ఆగితే బాగుండేది. ఒక్క వారం మానలేదు. కొన్ని నెలలకు, ఆయన ఉన్నట్టే అనిపిస్తోందనీ, మంచివాడనే అనుకుంటున్నాననీ చెప్పింది. తర్వాతి ఏడు, ఆయనతో మాట్లాడి చూశాననీ, జవాబు రాలేదనీ చెప్పింది. ఇంకోసారి, పై అంతస్తు ఆవిడను తిట్టబోయి నాలుక కరుచుకున్నాననీ, అది తన పని కాదు, ఆయన పనే అయి ఉంటుందనీ చెప్పింది. ఒకసారి మొదలుపెడితే పది నిమిషాలకు తక్కువ కాదు. మోకాలి నొప్పి, పాలు విరగడం, దేవుడి మీద అలక, అన్నీ అందులోనే.

ఏడాది కిందట మైకాయన ఒక పని చేశాడు. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆమె మైకు పట్టుకోగానే వాల్యూమ్ మీటను నెమ్మదిగా కిందికి జార్చేశాడు. ముందు రెండు వరసలకు మాత్రం, అదీ మాటలు తెలియని గుసగుసలా వినబడుతుంది. మిగతావాళ్లు, పాపం ముసలావిడ గొంతు తగ్గిపోయిందనుకుని, మర్యాదగా తలలూపుతారు. కాసేపటికి ఎవరి లోకంలో వాళ్లుంటారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం అంతే.

ఈ రోజూ ఆమె లేచింది. పొట్టి మనిషి, ఉతికి ఉతికి వెలిసిపోయిన నీలం చీర. మైకాయన చెయ్యి దానంతటదే మీటను కిందికి లాగింది. అయితే జుయ్‌మనే శబ్దం ఇంకా పోలేదు. అది ఏ వైరులోంచి వస్తోందో పట్టుకుందామని హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆమె మైకు తాలూకు బొత్తాం నొక్కాడు. హాల్లోకి వెళ్లే శబ్దాన్ని ఎంత తగ్గించినా, ఆ బొత్తాం నొక్కితే మైకులో పడే ప్రతి మాటా హెడ్‌ఫోన్లలోకి నిండుగా వస్తుంది.

పెద్దమ్మ గొంతు అతని రెండు చెవుల మధ్యకు వచ్చి కూర్చుంది.

"నా మాట వీళ్లకు వినబడటం లేదని నాకు తెలుసు ప్రభువా. మా వాడు అక్కడ కూర్చుని తగ్గిస్తాడు. తగ్గించుకోనీ. నీకు మైకెందుకు గనక."

మైకాయన హెడ్‌ఫోన్లను రెండు చేతులతో చెవులకు నొక్కుకున్నాడు.

"పోయిన వారం పాస్టరు గారు చెప్పారు, ఆ గుడ్డివాడికి నువ్వు ముట్టుకోగానే మొత్తం చూపు రాలేదని. మొదట మనుషులు చెట్లలా కనబడ్డారంట. మళ్లీ ముట్టుకుంటే గానీ సరిగ్గా కనబడలేదంట. నేనింకా ఆ చెట్ల దగ్గరే ఉన్నాను. పర్వాలేదు, ఉంటాను. మా వాడి సంగతి చూడు. పంతొమ్మిదేళ్లుగా నీ మాట ఊరందరికీ వినబడేలా చేస్తున్నాడు, వాడికి ఒక్క ముక్క వినబడలేదు. వాడి మీద కోపం పెట్టుకోకు. వాడికి విసుగెక్కువ, అంతే. నాకు డెబ్భై ఏళ్లు పట్టింది. వాడికి అంత పట్టనివ్వకు."

పోయిన వారం ప్రసంగం గురించి గుర్తు తెచ్చుకోబోయాడు. పాస్టరు గారి మైకులో బ్యాటరీ అయిపోయిన సంగతే గుర్తుకొచ్చింది. గుడ్డివాడూ లేడు, చెట్లూ లేవు. ఆ రోజూ అదే హాల్లో, అదే మిక్సరు ముందు కూర్చుని ఉన్నాడు.

మీటను గబుక్కున పైకి తోశాడు. అప్పటికే ఆమె చెప్పాల్సింది అయిపోయింది. "ఆమేన్" ఒక్కటీ హాలంతా అదిరేలా మోగి, చివర్న కీచుమంది. అందరూ వెనక్కి తిరిగి మైకాయన్ని చూశారు.

ఇంటికి వచ్చి భోజనం చేశారు. భార్య గిన్నెలు సర్దుతుంటే, పెద్దమ్మ కిటికీ పక్కన తన కుర్చీలో కూర్చుని కాళ్లు చాపుకుంది. అతను వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. సిగ్గుపడటం అతనికి సరిగ్గా చేతకాదు, అది కోపంగానే బయటికి వచ్చింది.

"తెలిసినప్పుడు నన్ను అడగొచ్చుగా పెద్దమ్మా. నా గురించి పదిమందిలో చెప్పాలా?"

"పదిమందికి ఎక్కడ వినబడిందిరా? నీ ఒక్కడికేగా."

తను తగ్గిస్తున్నట్టు ఎలా తెలుసుకున్నావని అడిగాడు. వెనక వరస ఆవిడ ఒకరోజు, కాస్త గట్టిగా మాట్లాడమ్మా అందట. తన గొంతు సంగతి తనకు తెలియదా, ఫ్యాక్టరీలో యంత్రాల మోత మీద మాట్లాడిన గొంతు. చిన్నప్పుడు తల్లి తిట్టడం మొదలుపెట్టగానే వీడు రెండు చెవులూ మూసుకుని మంచం కింద దూరేవాడనీ, ఇప్పుడు మంచం బదులు ఆ అడ్డుగోడ దొరికిందనీ ఆమె నవ్వింది.

"అయినా, చూపు ఇచ్చేవాడు ఒకేసారి ఇవ్వొచ్చుగా," అన్నాడు అతను. "నిన్ను డెబ్భై ఏళ్లు కూర్చోబెట్టడమేంటి? ఇప్పుడైనా సగం సగం ఇవ్వడమేంటి?"

"నేనూ అదే అడిగాను. చెప్పలేదు."

"మరి?"

"మరేముంది. మళ్లీ అడుగుతాను."

ఇలాంటి మనిషితో ఎవరు వాదిస్తారు? అతను చెప్పులు వేసుకుని దుకాణానికి వెళ్లిపోయాడు. ఆదివారం దుకాణం తెరవడు. షట్టరు సగానికి ఎత్తి, చర్చి నుంచి తెచ్చిన వైరును బల్ల మీద పరిచాడు. చివర్న పిన్ను దగ్గర అతుకు ఊడి, తీగ ఒకే ఒక్క పోగు మీద వేలాడుతోంది. అంతే జబ్బు. నెల రోజులుగా అందరినీ తిట్టుకున్నాడు గానీ ఆ పిన్ను విప్పి చూడలేదు. అతుకు వేస్తుంటే, వచ్చే వారం మీటను ముట్టుకోకూడదనుకున్నాడు. పది నిమిషాలేగా, చెప్పుకోనీ. తర్వాత, ఆమె ఏం చెబుతుందో విందామనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే చిరాకేసింది.

నాలుగున్నరకు భార్య ఫోన్ చేసింది. ఆమె ఏడవడం లేదు. త్వరగా ఇంటికి రండి అని మాత్రం అంది.

పెద్దమ్మ కుర్చీలోనే ఉంది. తల కొంచెం కిటికీ వైపు వాలింది. నిద్రపోతోందనుకుని దుప్పటి కప్పబోయాననీ, చెయ్యి చల్లగా తగిలిందనీ భార్య చెప్పింది. పక్క వీధి డాక్టరు వచ్చి చూసి, ప్రాణం పోయి గంటై ఉంటుందన్నాడు. నొప్పి పడిన గుర్తేమీ ముఖంలో లేదన్నాడు.

పెద్దమ్మను ముందు గదిలో మంచం మీద పడుకోబెట్టారు. చీకటి పడకముందే సంఘం వాళ్లు వచ్చారు. కుర్చీలు చాలక గోడ వారగా నిలబడ్డారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. మైకు లేకుండా ఆయన గొంతు ఇంత చిన్నదని మైకాయనకు ఇన్నేళ్లలో తెలియదు. ప్రార్థన అయ్యాక వెనక వరస ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, ఎంతో భక్తిగల మనిషి, పాపం ఏడాదిగా గొంతు సన్నగిల్లిపోయింది, ఈ రోజు ఏం చెప్పిందో ఒక్క ముక్కా వినబడలేదు అంది. అందరూ అవునన్నట్టు తలలూపారు.

ఆ తలలూపడం అతను భరించలేకపోయాడు.

"ఆవిడ గొంతు బాగానే ఉంది. నేనే తగ్గించాను. ఏడాది నుంచీ."

భార్య వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. పాస్టరు గారు ఏదో అనబోతే, అతను చెయ్యి ఎత్తి ఆపాడు. ఈ రోజు ఏం చెప్పిందో చెబుతానన్నాడు. అక్కడ అది విన్నవాడు తనొక్కడే. చెప్పడం అతనికి అలవాటు లేదు. మాట మాటకూ ఆగాడు, మొదట్లోది చివర, చివరిది మధ్యలో చెప్పాడు. గుడ్డివాడి గురించి చెప్పాడు, చెట్ల గురించి చెప్పాడు. తన కోసం ఆమె అడిగిన సంగతి దగ్గరికి వచ్చేసరికి గట్టిగా దగ్గాడు. అది కూడా చెప్పాడు.

"నాకు చెట్లు కూడా కనబడటం లేదు," అన్నాడు చివరికి, ఎవరి మీదో విసుక్కుంటున్నట్టు. "అయినా అడుగుతాను. రేపు కూడా అడుగుతాను."

స్తోత్రం అని ఎవరూ అనలేదు. వెనక వరస ఆవిడ లేచి వచ్చి, అతని పక్కన కూర్చుంది.

అందరూ వెళ్లాక అతను లోపలి గదిలోకి వచ్చాడు. కుర్చీ ఖాళీగా ఉంది. మూడింటప్పుడు అడిగి మరీ నారింజ తీసుకుందని, తనే ఒలుచుకుందని భార్య చెప్పింది. కిటికీ గట్టు మీద చిన్న గిన్నె బోర్లించి ఉంది. ఎత్తి చూశాడు. కింద సగం పండు, నార తగిలితే అతను తినడని, ఒక్కో తొనకూ నార ఒలిచి, వరసగా పేర్చి ఉంది.