పోలండ్ మీద మడత పడొద్దు

ఎనిమిదిన్నరకల్లా అటెండర్ శివమ్మ బడి తాళాలు తీసేది. గదులు ఊడ్చి, నీళ్లు నింపి, హాజరు రిజిస్టర్ హెడ్‌మాస్టర్ బల్ల మీద పెట్టి, చివరికి తొమ్మిదో తరగతి గదిలో యూరప్ పటం విప్పి మేకుకు తగిలించేది. గుడ్డ మీద అంటించిన పాత పటం, తలుపు రెక్కంత ఉంటుంది. మిగతా బళ్లలో పటాలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. శామీర్‌పేట చెరువు దగ్గరి ఈ బడిలో మాత్రం పటం రోజుకో సంవత్సరం చూపించేది. ఒకనాడు పద్దెనిమిది వందల పదిహేను, ఇంకోనాడు ఇటలీ ముక్కలన్నీ ఒక్కటైన ఏడు. తిరుగుబాట్ల ఏడు, పద్దెనిమిది వందల నలభై ఎనిమిది, వచ్చిందంటే పటానికి ఒళ్లు కాలిపోయేది; పారిస్ దగ్గర, వియన్నా దగ్గర చిటపటలాడేది. ఆ రోజు సోషల్ చెప్పే మనోరమ టీచర్ ముందు బెంచీ పిల్లల్ని వెనక్కి జరగమనేది, శివమ్మ తడిగుడ్డ వేసేది. ఎండాకాలం ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కితే ఎవరు మాత్రం వింతపడతారు?

శివమ్మకు చదువు రాదు. పదేళ్లుగా వరండా ఊడుస్తూ పాఠాలన్నీ విన్నది. నెపోలియన్‌ను ఓడించిన రాజులూ మంత్రులూ వియన్నాలో చేరి, తొమ్మిది నెలలు విందులు తింటూ దేశాలు పంచుకున్నారనీ, ఎవరి నేల పంచుతున్నారో వాళ్లకు మాత్రం కుర్చీ వెయ్యలేదనీ విన్నది. పోలండ్‌ను అంతకుముందే ముగ్గురు పంచుకున్నారట. నూట ఇరవై మూడేళ్లు పటంలో ఆ దేశమే లేదట. తిరగబడిన ప్రతిసారీ దెబ్బలు తిన్నారట.

"మల్ల ఎట్లొచ్చింది టీచరమ్మా?" అని ఓసారి అడిగింది.

"ఉన్నోళ్లు ఉన్నం అంటనే ఉన్నరు శివమ్మా. అట్లొచ్చింది" అన్నది మనోరమ.

అప్పట్నుంచి శివమ్మ పటం చుట్టేటప్పుడు పోలండ్ మీద మడత పడకుండా చూసుకునేది. పటంలో ఆ దేశం లేని రోజున కూడా ఆ చోటును మెత్తటి గుడ్డతోనే తుడిచేది.

పటానికి ఇంకో గుణం కూడా ఉండేది. పోయినేడు పొరపాటున హాజరు రిజిస్టర్ అందులో చుట్టుకుపోయింది. తెల్లారి తీస్తే, బడి మానేశారని ఎర్రసిరాతో కొట్టేసిన ముగ్గురు పిల్లల పేర్లు మళ్లీ తమ తమ వరుసల్లో నిలబడి ఉన్నాయి. రిజిస్టర్లో పేరున్నాక పిలవకపోతే ఎట్లా అని హెడ్‌మాస్టర్ వాళ్లు పనికి కుదిరిన గుండ్లపోచంపల్లి గోదాముల దాకా పోయి ముగ్గుర్నీ పట్టుకొచ్చాడు.

ఈ వేసవిలో శివమ్మకు భయం పట్టుకుంది. చెరువు కట్ట కింద చేపలు పట్టేవాళ్ల ఇళ్లు పన్నెండు ఉన్నాయి, అందులో చివరిది ఆమెది. పెద్దరోడ్డుకూ, మాజీ సర్పంచ్ జనార్ధన్ వెయ్యబోయే ప్లాట్ల వెంచర్‌కూ నడుమ ఆ పన్నెండిళ్లే అడ్డం. ఊరి హద్దులకు కొత్త నక్షా గీయించారనీ, అందులో వాడ ఉన్నచోట తెల్లటి దారి ఉందనీ మండలాఫీసు నుంచి మాట జారి వాడకు చేరింది. మొదటి ఇంట్లో ఉండే అత్త బుచ్చవ్వ పట్టిన ముద్ద పళ్లెంలోనే వదిలేసింది. "కాయిదంల లేనోనికి కాట్ల గూడ జాగ దొరకదే" అన్నది. ఆనాటి నుంచి చెంబు కిందపడినా జేసీబీ వచ్చిందని శివమ్మ బయటికి ఉరికేది.

ఆదివారం పొద్దున జనార్ధన్ ఫోన్ చేసి బడి తెరవమన్నాడు. పంచాయతీ ఆఫీసులో కూచుంటే జనం పోగవుతారని ఆయన బాధ. ఆయనా, పాలివాళ్లు ఇద్దరూ, మేడ్చల్ బిల్డరూ, నగరం నుంచి ఎవరో పెద్దాయనా, మొత్తం అయిదుగురు తొమ్మిదో తరగతి గదిలో కూచున్నారు. బిర్యానీ వచ్చింది, కూల్‌డ్రింకులు వచ్చాయి. నవ్వులు వరండా దాకా వినిపిస్తున్నాయి. వాడ మనిషికి చాయ్ పోసే పని తప్ప ఆ గదిలో వేరే పని లేదు. వియన్నాలో కూడా చాయ్ పోసిన మనిషి ఒకతె ఉండే ఉంటుందని శివమ్మకు తోచింది.

తినడమయ్యాక నక్షా తీశారు. ఊరి పెద్దలవీ, వెంచర్ వాళ్లవీ సంతకాలు పడితే ఇక అది పక్కా, సర్వేయర్ దాని ప్రకారమే రాళ్లు పాతుతాడు. కానీ రెండు బల్లలు కలిపేసరికి నడుమ సందు వచ్చింది, పెన్ను పెడితే కాగితం చిరిగేట్టుంది.

"శివమ్మా, కింద పరుస్తందుకు ఏమన్న తే. జల్దీ" అన్నాడు జనార్ధన్.

గది మూలన రెండే ఉన్నాయి. ప్లాస్టిక్ షీటు, పటం చుట్ట. ఆమె చెయ్యి షీటు మీదికే పోయింది. భయపడ్డ చెయ్యి ఎప్పుడూ అటే పోతుంది. పట్టుకుని, వదిలేసి, పటం ఎత్తుకుంది. బొమ్మ కనపడకుండా తిరగేసి పరిచింది. గుడ్డ వైపు నుంచి దాని గుణం పారుతుందో లేదో ఆమెకు తెలియదు. ఆనాడు అది ఏ సంవత్సరంలో ఉందో కూడా చూసుకోలేదు.

జనార్ధన్ అరచెయ్యి ఆనించాడు. "ఏందిది, గింత ఎచ్చగున్నది?"

"ఎండకున్నది పటేలా."

"గుడ్డేనా?"

"గుడ్డే పటేలా."

ఆయన ఇదే బడిలో చదువుకున్నవాడు, పటం ఎట్లాంటిదో తెలిసినవాడు. ఒక మూల ఎత్తి చూస్తే చాలు, అన్నీ అయిపోతాయి. ఎత్తలేదు. చాయ్ గ్లాసులు బల్ల మీద సన్నగా వణుకుతుంటే బిల్డర్ పైకి చూసి, ఫ్యాన్ ఊగుతోందన్నాడు. ఒకరి తర్వాత ఒకరు సంతకాలు పెట్టారు. ఆఖరున జనార్ధన్ పెట్టి, సిరా ఆరేదాకా ఊది, నక్షా చుట్టాడు. తెల్లటి దారి తెల్లగానే ఉండడం శివమ్మ కళ్లారా చూసింది. కుళాయి దగ్గరికి పోయి కక్కుకుంది.

సోమవారం పొద్దున సర్వేయర్ హరీష్ ట్రాక్టర్ నిండా రాళ్లతో వాడకు వచ్చాడు. వెనకాల జేసీబీ, దాని పక్కన జనార్ధన్. పన్నెండిళ్ల వాళ్లూ గడపల్లో నిలబడ్డారు. హరీష్ నక్షా విప్పి ట్రాక్టర్ బానెట్ మీద పరిచాడు. చాలాసేపు చూశాడు.

"ఇండ్లున్నయి గదా పటేలా" అన్నాడు.

జనార్ధన్ వంగి చూశాడు. తెల్లటి దారి ఉండాల్సిన చోట చిన్న చిన్న గళ్లు పన్నెండు, గడికో పేరు. దారి కట్ట చుట్టూ తిరిగి ఆయన మామిడితోటలోంచి పోతోంది. కింద అయిదు సంతకాలు.

"సంతకం మీదేనా?" అని హరీష్ అడిగాడు.

"నాదే" అన్నాడాయన. ఇది ఎట్లయిందని ఎవరూ అడగలేదు. హరీష్ కూడా ఆ బడి పిల్లవాడే. పేర్లు పిలుస్తాననీ, పలికిన ఇంటికి రాయి పాతుతాననీ, పలకని జాగా ఖాళీ అని రాసుకుంటాననీ చెప్పాడు.

జనార్ధన్ నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి శివమ్మ పక్కన నిలబడ్డాడు. నిన్న పరిచింది ఏమిటో ఆయనకిప్పుడు తెలుసు.

"నీ పేరొచ్చినప్పుడు సప్పుడు చెయ్యకు" అన్నాడు, ఆమెకు మాత్రమే వినపడేట్టు. "బడిల కొలువుంటది. నోరిప్పినవో, రేపటి సంది తాళాలు ఇంకోలు తీస్తరు."

హరీష్ మొదలుపెట్టాడు. "బుచ్చవ్వ."

"ఉన్న బిడ్డా" అన్నది ముసలామె, అవసరమైన దానికన్నా గట్టిగా.

"నర్సయ్య."

"ఉన్న సార్."

ఒక్కో పేరుకూ ఒక్కో గడప పలికింది, ఒక్కో రాయి ట్రాక్టర్ దిగింది. ఎనిమిదిన్నర కావస్తోంది, శివమ్మ కొంగున కట్టుకున్న బడి తాళాలు పిడికిట్లో చెమటకు తడిసిపోయాయి. పదకొండు రాళ్లు దిగాయి.

"శివమ్మ."

ఆమె చూపు పిడికిట్లోని తాళాల మీద ఉంది. హరీష్ తలెత్తకుండా, రిజిస్టర్ పిలిచినట్టే, ఇంకోసారి పిలిచాడు. జనార్ధన్ ఆమె వైపే చూస్తున్నాడు. ఆమె కొంగు ముడి విప్పి, తాళాల గుత్తి ఆయన చేతిలో పెట్టింది.

"ఉన్న సార్" అన్నది.