చివరి మనిషి వచ్చేదాకా

కాలువ మీద రెండో వంతెన దాటేసరికి ఆమెకు ఊపిరి కుదురుకుంది. రోజూ అక్కడే కుదురుకుంటుంది. అంతవరకూ పక్కటెముకల కింద సూదితో గుచ్చినట్టుంటుంది, వెనక్కి ఇంటికి పోదామనిపిస్తుంది. వంతెన దాటాక కాళ్లు వాటంతటవే సాగుతాయి. చున్నీ నడుముకు బిగించి కట్టింది. నెరుస్తున్న జుట్టు చెమటకు చెంపలకు అంటుకుంది. ముందు టీచరమ్మ, ఆమె పక్కన మందుల షాపాయన. పరిగెడుతూ కూడా కబుర్లాపని మనిషి. ఈ రోజు ఆ కబుర్లలో ఒక్కటీ ఆమె చెవికెక్కలేదు. మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తూ, అందరికన్నా వెనకబడింది.

ఆగినప్పుడు అడిగింది. "బాబాయ్ రాలేదేం?"

నిద్ర పట్టేసి ఉంటుందన్నాడు షాపాయన. ఈ వయసులో ఒకరోజు మానేస్తే మాత్రం ఏం, అంది టీచరమ్మ. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఆయన దాన్ని ఎక్కడో పడేసి మరిచిపోవడం మామూలే కనక ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు.

బాబాయ్ రిటైరైన బస్సు డ్రైవరు. పెళ్లాం పోయింది, పిల్లల్లేరు, మేడ మీద ఒంటి గదిలో అద్దెకుంటాడు. గుంపులో ఎప్పుడూ ఆఖరున పరిగెడతాడు. చేతకాక కాదు. అద్దంలో వెనక ఎవరైనా మిగిలారేమో చూసుకునే అలవాటు ఉద్యోగంతో పాటు పోలేదని నవ్వుతాడు. ఎవరి కాలైనా పట్టేస్తే తనూ ఆగి, ఆ మనిషి లేచేదాకా ఊళ్లో సంగతులు చెబుతూ నిలబడతాడు.

ఆమె పరుగు మొదలుపెట్టింది నలభై దాటాక. అంతకు ముందు ఏళ్లతరబడి మంచానపడ్డ తల్లిని చూసుకుంది. తెల్లవారకముందే లేచి పక్క మార్చడం, ఒళ్లు తుడవడం, పాలు పట్టించడం, ఆ తర్వాత ఆస్పత్రి లాండ్రీలో పనికి పరిగెత్తడం. పెళ్లి మాట ఒకటి రెండుసార్లు వచ్చి, దానంతటదే సద్దుమణిగింది. తల్లి పోయాక కూడా అదే వేళకు మెలకువ వచ్చేది. లేచి ఏం చెయ్యాలో తెలిసేది కాదు. వంటింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి వంటింట్లోకి తిరిగేది. "కాలుగాలిన పిల్లిలా ఏంటి వదినా ఆ తిరుగుడు, కాసేపు పడుకోరాదూ," అని మరదలు విసుక్కునేది. తమ్ముడు దుప్పటి ముసుగు పైకి లాక్కునేవాడు.

ఒకరోజు కళ్లముందే బస్సు కదిలిపోయింది. వెంటపడి పరిగెత్తింది. బస్సు మలుపు తిరిగి మాయమైంది కానీ ఆమె ఆగలేదు. చెప్పు తెగితే చేత్తో పట్టుకుని లాండ్రీ దాకా పరిగెత్తింది. గుమ్మంలో కూలబడ్డ ఆమెను చూసి అందరూ కంగారుపడ్డారు. ఆ రాత్రి ఆమెకు ఒళ్లు తెలియని నిద్ర పట్టింది.

ఆ తర్వాత చీకటితోనే కాలువ గట్టుకు రావడం మొదలుపెట్టింది. ఎవరైనా ఎదురైతే ఏదో పని మీద పోతున్నట్టు నడిచేది. ఒకనాడు వెనకనుంచి వచ్చి బాబాయ్ ఆమె పక్కన కలిశాడు. "పరిగెత్తమ్మా. చూస్తే చూడనీ. ఆయాసం నీది, వాళ్లది కాదుగా," అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూ పరిగెత్తడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

పరుగయ్యాక టీ బండి దగ్గర మోకాళ్ల నొప్పుల గురించి, బూట్ల గురించి వాదించుకుంటారు. ఆమె జ్వరమొచ్చి రెండు రోజులు మానేసినప్పుడు ముగ్గురూ ఇంటికి వచ్చారు. ఎందుకు రాలేదని అడిగారు. తను కనబడకపోతే వెతుక్కుంటూ వచ్చిన మనుషులు ఆమె జీవితంలో అంతకు ముందు లేరు.

లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే వేడి రోలరు ముందు ఆమె, పక్కన జోడీ మనిషి. తడి దుప్పటి చెరో కొసా పట్టి, బిగలాగి, రోలరు నోటికి అందించాలి. ఈ రోజు దుప్పట్లు వంకరగా పోతున్నాయి. ముడత పడి వచ్చినదాన్ని మళ్లీ తడపాల్సొచ్చింది. "ఎక్కడుంది నీ మనసు?" అంది జోడీ మనిషి. ఆమె ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూనే ఉంది. తల్లి పోయిన రోజు కూడా పొద్దుటినుంచీ ఇలాగే లోపల ఏదో కెలికింది. ఏమీ లేదులే అని సర్దిచెప్పుకుని, ఆ దుప్పట్ల కట్టంతా పూర్తిచేసి వెళ్లింది. వెళ్లేసరికి మొహం మీద గుడ్డ కప్పేశారు.

చేతిలోని కొస వదిలేసింది. సూపర్‌వైజరు ఏదో అంటూనే ఉన్నాడు. వినకుండా బయటపడింది.

మేడ మీది గది తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ లేదు. బాబాయ్ మంచం అంచున గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. పెదవుల్లో రంగు లేదు.

"కాస్త ఆయాసం. కూర్చుంటే తగ్గుతుందనుకున్నా," అన్నాడు. ఊపిరి తీసుకుని, "ఈ రోజు ఆఖర్న ఎవరొచ్చారు?" అని అడిగాడు.

"నేనే బాబాయ్."

"మంచిది," అని కళ్లు మూసుకున్నాడు.

ఆమె ఫోన్ చేస్తే షాపాయన కొట్టు అలాగే వదిలేసి ఆటో తెచ్చాడు. ఇద్దరూ కలిసి ఆయన్ని మెట్ల మీంచి దించారు. గదికి తాళం వేసి, తాళంచెవి ఆమె చున్నీ కొసన ముడేసుకుంది. ఆమె పనిచేసే ఆస్పత్రికే తీసుకెళ్లారు. గుండె బాగా దెబ్బతింది, వచ్చేసరికే ఆలస్యమైంది, చూద్దాం అన్నాడు డాక్టరు. బాబాయ్ నిద్రపోతున్నాడు. లోపల ఎవరినీ ఉండనివ్వలేదు. నేనుంటాను, నువ్వెళ్లు, ఉద్యోగం ఊడుతుందన్నాడు షాపాయన. ఆమె కిందికి దిగి మళ్లీ రోలరు ముందు నిలబడింది. సూపర్‌వైజరు తిట్టిన తిట్లు ఆవిరిలో కలిసిపోయాయి. దుప్పటి తర్వాత దుప్పటి. పై అంతస్తులో ఏం జరుగుతోందో ఆ చప్పుడులో ఏం తెలుస్తుంది?

పని అయిపోగానే మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. వరండా బెంచీ మీద షాపాయన, టీచరమ్మ కూర్చుని ఉన్నారు. ఎప్పుడూ నోరు మూయని షాపాయన నేలవైపు చూస్తున్నాడు. టీచరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది.

"నిద్రలోనేనట," అంది.

కాసేపటికి నర్సు తలుపు తీసి, ఆయన తాలూకు మనుషులెవరని అడిగింది. ముగ్గురూ ఒక్కసారే లేచి నిలబడ్డారు.

బాబాయ్‌కి పొరుగూళ్లో తమ్ముడున్నాడని షాపాయనకు తెలుసు. కబురు పంపాడు. ఆయనొచ్చేలోగా గది సర్ది ఉంచుదామనుకున్నారు. ఆయా ఒక సంచీ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. అందులో చొక్కా, కళ్లజోడు, ఒంటి బూటు ఉన్నాయి.

"రెండోది?" అని అడిగింది.

వచ్చినప్పుడు ఒక్క కాలికే ఉందమ్మా, అంది ఆయా. తను ఆ సంగతే చూసుకోలేదు.

సంచీ గుండెకు అదుముకుని సందడిగా ఉన్న బజారులోంచి పరిగెత్తింది. జనం పక్కకు తప్పుకున్నారు. మేడ మెట్లెక్కి, ముడి విప్పి, తాళం తీసి, దీపం వేసింది. మంచం కింద, ఆయన కూర్చున్న చోటే, రెండో బూటు ఉంది. తాళ్లు పూర్తిగా సడలించి, పాదం సులువుగా దూరేలా నోరు వెడల్పుగా తెరిచి, గుమ్మంవైపు తిప్పి పెట్టి ఉంది.