దించని తెర

తాడుకు చుట్టిన పాత చీరపేలిక మళ్ళీ ఊడింది. తెరక్క దాన్ని పళ్ళతో పట్టి లాగి ముడి బిగించింది. ఈ నాటకశాలలో తెర ఎత్తేదీ దించేదీ ఆమే. అరచేతులు కాయలు కాశాయి, కుడి భుజం కిందికి జారింది. ఆమె అసలు పేరు సొంత కోడలికైనా గుర్తుందో లేదో!

ఇవాళ ఇద్దరి నాటకం. ముసలి తండ్రి, అలిగి వెళ్ళి తిరిగొచ్చిన కూతురు, అంతే. ప్రాంప్టరు కూడా లేడు. చాటు నుంచి మాటలు అందించేవాడుంటే అది ముగ్గురి నాటకమవుతుందని తండ్రి వేషం కట్టే పెద్దాయన పట్టు. ఏ మాటకామాటే చెప్పాలి, వయసులో ఉన్నప్పుడు ఆ పట్టు చెల్లింది. ఇప్పుడు మాటలు జారిపోతున్నాయి. మొన్న తడబడితే మేనేజరు మొహం మీదే అన్నాడు, ఇంకోసారి ఆగితే తెర దించేసి వేషం వేరేవాళ్ళకు ఇచ్చేస్తానని.

తెరక్కకు ఒళ్ళు మండింది. ఆమె కొత్తగా తాడు పట్టిననాడు ఆడదానివల్ల ఏమవుతుందని అందరూ నవ్వితే, "పట్టనివ్వండయ్యా, చూద్దాం" అన్నది ఆయనొక్కడే.

రెండో అంకంలో కూతురు అడిగింది. "నన్నెందుకు పిలవలేదు నాన్నా?"

పెద్దాయన నోరు తెరిచాడు. మాట రాలేదు. హాల్లో ఎవరో దగ్గారు.

"దించెయ్!" మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

తెరక్క తాడును నడుముకు చుట్టుకుంది. "దించను."

"మనిషివా, మొండిఘటానివా? పరువు పోతోంది!"

"వాళ్ళిద్దరూ నిలబడే ఉన్నారు. మధ్యలో మూడోవాడివి నువ్వెవరయ్యా?"

అతను తాడు మీద చెయ్యి వేశాడు.

"లాగు. ముందు నన్ను ఈడ్చి, తర్వాత దించు."

అతను చెయ్యి తీసేశాడు.

రంగం మీద కూతురు వేషం వేసిన అమ్మాయి పెద్దాయన దగ్గరికి జరిగింది. "చెప్పవా? సరే, నేనే చెప్తా. పిలిస్తే రానేమోనని భయపడ్డావు. అవునా, కాదా?" అది ఆయన చెప్పాల్సిన మాటే.

"భయపడ్డానే తల్లీ!" పెద్దాయన అందుకున్నాడు. ఇక ఆగలేదు. చివరికి ఇద్దరూ చేతులు పట్టుకుని వంగి నమస్కరించాకే తెరక్క నడుము నుంచి తాడు విప్పింది. తెర నిదానంగా దిగింది.

"రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు మేనేజరు.

"రేపటిదాకా ఎందుకు బాబూ? నా పని ఇవాళే అయిపోయింది."

చెప్పులు వేసుకుని, పెద్దాయనకు కూడా చెప్పకుండా వెనక గుమ్మం దాటి వెళ్ళిపోయింది. తాడు మీద చీరపేలిక మిగిలింది, పళ్ళతో బిగించిన ముడి అలాగే ఉంది.