పొద్దుకు ఎదురుగా కట్టిన గ్యాలరీ

నేను ఒక గ్యాలరీని. కాజీపేట దగ్గర ఒక పాత కాలేజీలో, ఫుట్‌బాల్ మైదానానికి తూర్పు పక్కన మెట్లుమెట్లుగా కట్టిన నల్లరాతి గ్యాలరీని. గేటు మీద స్టేడియం అని పెద్ద పేరే రాసి ఉండేది గానీ, నేనూ, నా ముందున్న మైదానమూ, రెండు గోల్‌పోస్టులూ కలిస్తేనే ఆ పేరు. ఈ మధ్య పొక్లెయినర్ వచ్చి వెళ్లింది. ఇప్పుడు ప్రహరీ పక్కన రాళ్ల కుప్పగా పడి ఉన్నాను. రాయికి నోరు లేదంటారు. నోరున్న వాళ్ల మాటలు ఇన్నేళ్లు విన్నాను కాబట్టి అదొక లోటని నాకెప్పుడూ అనిపించలేదు.

నన్ను కట్టించిన ప్రిన్సిపాల్ గారు లెక్కల్లో ఉద్దండుడు. ఒకరోజు పొద్దున్నే చల్లగాలిలో వచ్చి, ఎండ వీపున పడేలా నిలబడి, చేతికర్ర నేలకు తాటించి "ఇక్కడ కట్టండి" అన్నారు. అంత పెద్దాయన చెప్పాక ఎదురాడేదెవరు? పిల్లలే శ్రమదానం చేసి, క్వారీ నుంచి రాళ్లు మోసుకొచ్చి నన్ను లేపారు. మొదటి మ్యాచ్ నాడు గానీ అసలు సంగతి తెలియలేదు. ఆట సాయంత్రం పూట. పొద్దు పడమటికి దిగేసరికి నేరుగా జనం కళ్లలో కొట్టింది. సెకండ్ హాఫ్ అంతా అందరూ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకునే చూశారు. ఆ రోజు ఆడటానికి వచ్చిన పోలీసు జట్టు కెప్టెన్, ఊరు ఊరంతా తనకు సెల్యూట్ కొడుతోందనుకుని, మైదానం మధ్యలో బిగుసుకుని నిలబడి తిరిగి సెల్యూట్ చేశాడు. పాపం, ఆ సందులోనే మావాళ్లు గోల్ కొట్టేశారు.

ఒక చెయ్యి నుదుటి మీద ఉంటే చప్పట్లు కొట్టేదెలా? అందుకని మావాళ్లు కాళ్లకు పని చెప్పారు. కాలేజీ జట్టు గోల్ కొడితే లేచి నిలబడి రాతి మీద దబదబా కాళ్లు తాటించడం ఆ రోజే మొదలైంది. ఎదుటి జట్టు గోల్ కొడితే కిక్కురుమనేవారు కాదు. చెప్పుల కాళ్లు, బూట్ల కాళ్లు, ఉత్తి కాళ్లు ఒక్కసారిగా పడితే నేను నిలువెల్లా అదిరేదాన్ని. రాయినైనా సంతోషపడేదాన్ని, దాచుకోవడమెందుకు?

ఓదెలు అనే కుర్రాడు కాలేజీలో చేరినప్పటి నుంచీ నా మూడో మెట్టు మీదే కూర్చునేవాడు. జట్టులో చేరాలని రెండేళ్లు తంటాలు పడ్డాడు. బంతి ఒక దిక్కుకు పోతే తనొక దిక్కుకు పోయేవాడు. చివరికి ఆడటం తన నొసట రాయలేదని, చూడటమైనా మానకూడదని తీర్మానించుకున్నాడు. లోకోషెడ్‌లో ఫిట్టర్ ఉద్యోగం వచ్చాక కూడా గ్రీజు చేతులతోనే పరుగెత్తుకొచ్చేవాడు. పెళ్లయిన కొత్తలో భార్య ఈశ్వరమ్మకు నేనంటే ఒళ్లుమంట. "ఆ బండల మీదనే కాపురం పెట్టరాదు" అని దెప్పేదట. ఆ మాట ఓదెలు స్నేహితులకు చెప్పుకుని నవ్వుతుంటే విన్నాను.

రిటైరయ్యాక ఓదెలుకు చూపు మెల్లమెల్లగా తగ్గి, పూర్తిగా పోయింది. ఇక రాడనుకున్నాను. ఒక సాయంత్రం ఈశ్వరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. ఏనాడూ బంతి ముఖం చూడని మనిషి, ఆనాటి నుంచి ఆయనకు ఆట చెప్పడం మొదలుపెట్టింది.

"ఎర్రంగి పిలగాడు గుంజుకపోతాండు... అటు ఉరికిండు... అయ్యో, పడ్డడయ్యా! మోకాలు కొట్టుకపోయింది, పాపం."

"ఎవలోడే? మనోడా, ఆళ్లోడా?"

"ఎవలోడైతేంది? తల్లి కన్న పిలగాడే గదా."

చుట్టుపక్కల వాళ్లు ముసిముసిగా నవ్వేవారు. సెకండ్ హాఫ్ మొదలవగానే ఓదెలు చూపు లేని కళ్లకు కూడా చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. అది చూసి ఎవరూ నవ్వేవారు కాదు. గోల్ అయితే మాత్రం ఈశ్వరమ్మ నోరు తెరిచేలోపే ఆయన లేచి నిలబడేవాడు. "నీకెట్ల ఎరుకైందయ్యా?" అని ఆమె ఆశ్చర్యపోయేది. నా ఒళ్లు అదిరితే ఆయన ఒళ్లు అదిరేది, అంతే.

రానురాను జనం పలచబడ్డారు. నా స్థానంలో ఇండోర్ హాల్ కడతారని తేల్చారు. పడగొట్టే ముందు పట్నం జట్టుతో ఒక ఆఖరి మ్యాచ్ పెట్టారు. ఓదెలుకు వారం నుంచీ జ్వరం. "ఒక్క గోలన్న ఇనిపోతనే" అని పట్టుబట్టి, మఫ్లర్ చుట్టుకుని వచ్చాడు. నాకూ అదే ఆశ.

మావాళ్లు ఆడలేదనను, కాళ్లరిగేలా ఆడారు. కానీ గోల్ కొట్టింది పట్నం వాళ్లు. పొద్దు మైదానం అవతలికి దిగుతోంది. ఓదెలు ఒక చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకునే ఉన్నాడు. ఈశ్వరమ్మ ఒకసారి మైదానం వంక, ఒకసారి ఆయన ముఖం వంక చూసింది. మా కుర్రాడు కొట్టిన బంతి స్తంభం పక్క నుంచి బయటికి పోయింది.

"గోల్!" అని అరిచింది ఈశ్వరమ్మ. "కొట్టిన్రయ్యా, మనోళ్లే కొట్టిన్రు!"

ఒక్క కాలూ పడలేదు. నేను కదలలేదు. కదలాలని ఎంత ఉన్నా, రాయి తనంతట తాను అదరలేదు. ఓదెలు రెండో అరచెయ్యి నా మీద ఆనించి ఉంది. ఆ చేతికి అంతా తెలిసిపోయింది. అయినా భార్య భుజం పట్టుకుని లేచి, ఒక్కడే దబదబా కాళ్లు తాటించాడు. ఈశ్వరమ్మ కళ్లు తుడుచుకుంటూ తనూ తాటించింది. అక్కడున్న నలుగురూ వీళ్లకేమైందన్నట్టు తిరిగి చూశారు.

అందరూ వెళ్లాక, మెట్లు దిగుతూ ఓదెలు మెల్లగా అడిగాడు.

"ఓడినం గదనే?"

ఈశ్వరమ్మ మెట్టు మీదే ఆగింది. "ఎరుకేనా? మరెందుకు లేసినవయ్యా?"

"నువ్వు కొట్టినవ్ గదనే గోలు," అన్నాడు ఓదెలు. "లేవకపోతె ఎట్ల?"