ఉస్మాన్ అడిగిన రాయితీ

కురిచేడు రోడ్డులో పెద్ద కంపెనీ క్యాంపస్ కడుతుందన్న వార్త రాగానే మార్కాపురం రెండుగా చీలింది. ఎలాగైనా రావాలనేవాళ్లు కొందరు, దానికి అన్ని రాయితీలెందుకనేవాళ్లు కొందరు. ఉస్మాన్ ఇంట్లో ఆ రెండు పక్షాలూ ఒకే చాప మీద కూర్చుని అన్నం తినేవి.

ఉస్మాన్‌కు ఒకప్పుడు పలకల ఫ్యాక్టరీ ఉండేది. బేరాలు తగ్గి, కరెంటు బిల్లు భారమై మూసేశాడు. అంతకుముందు యజమానులంతా కలిసి బిల్లులో కొంచెం తగ్గించమని ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఖజానాలో డబ్బు లేదన్నారు. ఇప్పుడేమో కంపెనీకి నామమాత్రపు ధరకు భూమి, ఏళ్ల తరబడి చవక కరెంటు, గేటు దాకా నీళ్ల పైపు.

కూతురు మిస్బా బీటెక్ చదివి, ఊళ్లోనే ఒక ప్రైవేటు బళ్లో లెక్కలు చెబుతోంది. తల్లి సాజిదాకు డయాలసిస్ చేయిస్తున్నారు. ఆమెను వదిలి బెంగళూరు వెళ్లలేక వచ్చిన ఉద్యోగం వదులుకుంది.

ప్రజాభిప్రాయ సేకరణ రోజు బయల్దేరేముందు మిస్బా తండ్రిని ఆపింది.

“అబ్బా, నువ్వు మాట్లాడొద్దు.”

“కంపెనీ వద్దనడంలే నేను. మాకెందుకియ్యలేదని అడుగుతా, అంతే.”

“వినేవాళ్లకు రెండూ ఒకటే.”

ఒకే స్కూటర్ మీద వెళ్లారు.

మండలాఫీసు ముందు షామియానా గుడ్డలోంచి ఎండ దిగుతోంది. మిస్బా పేరు ముందు పిలిచారు. చదువుకున్నవాళ్లందరూ ఊరు వదిలి పోలేరనీ, ఇంట్లో మంచం పట్టినవాళ్లున్న పిల్లలకు పని ఇక్కడికే రావాలనీ చెప్పింది. కుర్రాళ్లు ఈలలు వేశారు.

తర్వాత ఉస్మాన్ మైకు పట్టుకున్నాడు.

“ఆ పిల్ల నా కూతురే సార్. చెప్పింది నిజమే. నేను అడిగేది గూడా నిజమే. మేము కరెంటులో రవ్వంత తగ్గించమంటే లేదన్నారే, వీళ్లకు ఇంత యాడ్నుంచి వచ్చింది? మా ఫ్యాక్టరీల్లో పనిచేసినోళ్లవి ఉద్యోగాలు కాదా?”

“మీ అభిప్రాయం నమోదు చేసుకుంటాం,” అన్నాడు అధికారి. ఉస్మాన్ ఇంకేదో అనబోతుండగానే పక్కనున్న ఉద్యోగి తర్వాతి పేరు పిలిచాడు.

ఎవరో ఆ మాటలను ఫోన్లో తీసి ఊరంతటికీ పంపారు. ఆ రోజు నుంచి మిస్బా తండ్రితో మాట్లాడటం మానేసింది. మంచినీళ్లు ఇవ్వాలన్నా తల్లి చేతికిచ్చి పంపేది. ఉస్మాన్‌కు కోపం రాలేదు. కోపం తెచ్చుకునే ఓపిక లేదు.

కొన్ని నెలలకు, కంపెనీ వేరే రాష్ట్రానికి వెళ్లిపోతోందని టీవీలో చెప్పారు. అక్కడ ఇంకా ఎక్కువ ఇస్తామన్నారట. ఆ సాయంత్రమే సురేష్ వచ్చాడు. క్యాంపస్ ఎదురుగా మెస్ పెడదామని రోడ్డు పక్కన స్థలం కొన్నవాడు.

“సంతోషమేనా మామా? నీ వీడియో చూసే వాళ్లు వెనక్కి పోయినారంట.”

లోపలి నుంచి మిస్బా బయటికొచ్చింది.

“సురేష్ అన్నా, మా అబ్బా మాటకు అంత బలముంటే మా ఫ్యాక్టరీ ఎందుకు మూతపడతాది?”

“అందరూ అట్లే అంటున్నారు గదమ్మా.”

“నేను రమ్మని అడిగినా గదా, అదే మైకులో. నా మాట విని ఆగినారా? ఎక్కువిచ్చేకాడికి పోయినారు. మనం ఏమన్నా పోయేవాళ్లే.”

సురేష్ అరుగు మీద కూలబడ్డాడు. సాజిదా లోపలి నుంచే టీ పెట్టమని కేకేసింది. మిస్బా టీ తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది.

“ఆ స్థలం ఏం చేస్తావురా ఇప్పుడు?” అడిగాడు ఉస్మాన్.

“ఏమో మామా. అమ్ముదామంటే అడిగేవాడు లేడు.”

టీ తాగి, వచ్చినప్పుడున్న కోపం కూడా లేకుండా వెళ్లిపోయాడు.

ఉస్మాన్ కూతురి వైపు చూశాడు. “ఆ పొద్దు నువ్వు బాగా మాట్లాడినావు. చెప్పాలనుకుంటానే ఉన్నా.”

“ఎవరు విన్నార్లే అబ్బా,” అని మిస్బా గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది.