సర్ రోలండ్ సొంత గొంతు

గురువారం సర్ రోలండ్ థార్న్‌బీకి స్వరపేటిక తీసేస్తారు. క్యాన్సర్ అంతదాకా వచ్చింది. ఆ తర్వాత మాట్లాడాలంటే యంత్రమే గతి. ఈలోగా మూడొందల వాక్యాలు ఆయన చేత చదివించి రికార్డు చేస్తే, ఆ యంత్రం కనీసం ఆయన గొంతుతో మాట్లాడుతుంది. చదివించే పని సుధేష్ణది. ఐర్లండ్‌లోని లిమరిక్‌లో ఎనిమిదేళ్లుగా స్పీచ్ థెరపిస్టు.

అరవై ఏళ్లు లండన్ నాటకశాలల్నీ, ఆపైన సినిమాల్నీ ఏలిన మనిషాయన. రాజులు, జడ్జీలు, హంతకులు... వెయ్యని వేషం లేదు. భార్య నోరాది ఈ దగ్గరలోని ఎన్నిస్ కావడంతో పెద్దతనంలో ఇటొచ్చి స్థిరపడ్డారు. ఇంతటివాడికి నాలుగు వాక్యాలు చదవడమెంత పని అనుకుంది సుధేష్ణ. ఆ ధీమాయే కొంప ముంచింది.

"నాకు మంచినీళ్లు కావాలి" అన్న వాక్యాన్ని యుద్ధంలో ఓడిన రాజులా చదివాడు. "కిటికీ మూయండి" అన్నదాన్ని ఉరిశిక్ష వేసినట్టు చదివాడు. నర్సులు తలుపు దగ్గర చేరి చప్పట్లు కొట్టారు. మామూలు పేషెంటయితే సుధేష్ణ పది వాక్యాలకే ఆపి సరిచూసేది. ఈయన్నా ఆపేది? తనూ మైమరచి వింటూ కూర్చుంది. మంగళవారం ఆ రికార్డులన్నీ ఎక్కిస్తే యంత్రం తిప్పికొట్టింది. ఇందులో చాలామంది మాట్లాడుతున్నారు, ఒక్కరి గొంతే కావాలంది.

"వేషాలొద్దు సర్. ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడండి," అంది సుధేష్ణ బుధవారం పొద్దున.

ఆయన భార్య వైపు తిరిగాడు. "నోరా, నేనింట్లో ఎలా మాట్లాడతాను?"

"ఏ నాటకం నడుస్తుంటే అందులోవాడిలా," అంది నోరా. "పెళ్లిలో సరేనన్నది కూడా ఆ యేడు ఆడుతున్న దొంగ డాక్టరు గొంతుతోనే. నాకలవాటైపోయింది."

లీడ్స్‌లో బస్సు కండక్టరు కొడుకాయన. పదిహేడో ఏట నటన నేర్పిన బడిలో ఆ ఊరి యాసని పనిగట్టుకుని వదిలించారు. దాన్నైనా పట్టుకుందామని, తండ్రి పిలిచినట్టు తన పేరు తానే పిలుచుకున్నాడు. అదీ వేషంలాగే వచ్చింది. ఆ సంగతి అందరికంటే ముందు ఆయనకే తెలిసి తలదించుకున్నాడు. సాయంత్రానికి గొంతులో గాలి తప్ప ఏమీ మిగల్లేదు. సుధేష్ణ కారులో కూర్చుని ఏడ్చింది. మొదటిరోజే ఆపనందుకు తనని తాను క్షమించుకోలేకపోయింది.

ఆపరేషనైన మూడు వారాలకి, ఉన్న ముక్కలనే అతికించి ఒక గొంతు తయారుచేయించింది. ఆయన టైపు చేసి మీట నొక్కాడు. "నోరా, ఇంటికి వెళదాం," అంది యంత్రం.

నోరా కదల్లేదు. "ఎవరిదీ గొంతు?" అని సుధేష్ణని మర్యాదగా అడిగింది.

ఆయనదేనని చెప్పబోయి సుధేష్ణ ఆగిపోయింది.

సర్ రోలండ్ ఆ గొంతు తీసేసి, యంత్రం కొన్న ప్రతివాళ్లకీ దాంతోపాటే వచ్చే గొంతుని కొత్త వేషంలా పెట్టుకున్నాడు. అదే వాక్యం మళ్లీ నొక్కాడు.

ఈసారి నోరా లేచి ఆయన కోటు తెచ్చింది.