గరగ ఎక్కిన జీపు

ముత్యాలమ్మ జాతరకి ముందురోజు గరగ ఊళ్లోంచి బయల్దేరి, గోదావరి మధ్య లంకలో ఉన్న అమ్మవారి పుట్టింటికి వెళ్తుంది. గరగ అంటే పసుపు పూసి, వేపరెమ్మలు కట్టి, వెనక పాముపడగలా రంగుగుడ్డల చట్రం నిలబెట్టిన ఇత్తడి బిందె. మోసేవాడి నెత్తిమీదే అది ఊరు దాటాలి, ఇసుకమేటలు దాటాలి, మోకాల్లోతు పాయ దాటాలి. పుట్టింటి గద్దె మీద దిగేదాకా నేలకు ఆనకూడదు, ఒరగకూడదు. ఒరిగితే ఏమవుతుందో ఊళ్లో ఎవరికీ తెలియదు. ఇంతవరకూ ఒరగలేదు కాబట్టి.

ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఒరగకపోవడానికి కారణం చిట్టియ్య.

బయల్దేరిన గరగ మొదట ఆగేది నర్సరీ బుల్లబ్బాయి గుమ్మంలో. ఆయన ఇత్తడి పళ్లెంలో చిట్టియ్య చేత కాళ్లు పెట్టించి పసుపునీళ్లతో కడుగుతాడు. తండ్రి నుంచి వచ్చిన ఆనవాయితీ. కిందటేడు అలా కడుగుతూ తలెత్తి చూస్తే చిట్టియ్య మోకాళ్లు వెలగకాయల్లా ఉబ్బి ఉన్నాయి. ఆ రోజు ఇద్దరు మనుషులు చెరో మోచెయ్యీ పట్టుకుంటేగాని ఆయన ఇసుక దాటలేకపోయాడు.

అందుకే ఈ ఏడు జాతర కమిటీ మీటింగులో ప్రెసిడెంటు గణేష్‌బాబు గొంతు సవరించుకున్నాడు. "చిట్టియ్యకి రెస్టు ఇద్దామండి. మా బావమరిది శ్యాంబాబు ఉన్నాడు. రోజూ జిమ్ముకెళ్తాడు. గరగేంటి, గరగతోపాటు చిట్టియ్యని కూడా మోస్తాడు."

చిట్టియ్య మూల కూర్చుని తలపాగా విప్పి, మళ్లీ చుట్టుకున్నాడు. ఆ విప్పి చుట్టుకోవడం చూసి బుల్లబ్బాయి నోరు జారింది.

"నడవలేకపోతే ఎక్కించుకెళ్దామండి. నా జీపుందిగా."

"మీ జీపా?" అన్నాడు గణేష్‌బాబు. "మొన్న కడియం నుంచి అందులో వస్తే నా కళ్లజోడు ఓ చోట దిగింది, నేనో చోట దిగాను. అందులో గరగ నిలుస్తుందా?"

"నిలుస్తుందండి."

"ఒరిగితే?"

"ఒరగదండి."

"గరగ వేలెడు ఒరిగినా అక్కడికక్కడే శ్యాంబాబు నెత్తికి మార్చేద్దాం. ఇక ఆ సేవ ఎప్పటికీ వాడిదే. సరేనా?"

బుల్లబ్బాయి సరేనన్నాడు. ఇంటికొచ్చాక భార్య సత్యకుమారి మజ్జిగ చేతికిస్తూ, "ఒరగదని అమ్మవారు చెప్పిందా, జీపు చెప్పిందా?" అని అడిగింది. ఆయన మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాడు.

ఆ జీపు మామూలు జీపు కాదు. దాని పాత యజమాని కొండలెక్కే పందాలకి తిప్పేవాడు. కుదుపులు ఆపే కమాన్ కట్టలు పీకేసి, వాటి బదులు నాలుగు చక్రాలకీ నూనెతో పనిచేసే హైడ్రాలిక్ జాకీలు పెట్టించాడు. పందాలమీద మోజు తీరాక అమ్మేస్తే, లంకపొలంలో మొక్కలు మోసుకోవడానికి పనికొస్తుందని బుల్లబ్బాయి కొన్నాడు. మొక్కలు ఎంత కుదిపినా ఫిర్యాదు చెయ్యవు.

మర్నాడు జీపుని రాజమండ్రి శివార్లో ఉన్న త్రిమూర్తులు షెడ్డుకి తీసుకెళ్లాడు. త్రిమూర్తులు వరికోత మిషన్ల మెకానిక్కు. మాట్లాడేటప్పుడు మనిషిని చూడడు, మనిషి వెనకున్న బండిని చూస్తాడు. జీపు కింద దూరి, అక్కణ్ణుంచే మాట్లాడాడు.

"చక్రం ఎంత కిందకి దిగ్గలదు, ఎంత పైకి లేవగలదు, ఆ లెక్కని వీల్ ట్రావెల్ అంటామండి. మీ బండికి నాలుగంగుళాలుంది. గొయ్యొచ్చిందనుకోండి, చక్రం నాలుగంగుళాలు దిగి ఆగిపోద్ది. మిగతా గొయ్యి ఎవరు దిగాలి? బండి దిగాలి. బండితోపాటు మీరు దిగాలి. అదే చక్రానికి పదంగుళాలిచ్చామనుకోండి, గొయ్యి సంగతి అదే చూసుకుంటది. మీరు పైన కూర్చుని జపం చేసుకోవచ్చు."

సంసారమూ అంతేనేమో అనిపించింది బుల్లబ్బాయికి. ఇరవయ్యారేళ్లుగా గోతులన్నీ సత్యకుమారి దిగుతుంటే తను పైన కూర్చుని జపం చేసుకుంటున్నాడు. ఈ మాట ఇంట్లో అనకూడదని కూడా వెంటనే అనిపించింది.

"అయితే పదంగుళాలే చెయ్యండి."

"ఆయ్. చేసేద్దామండి."

చెయ్యడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. మూలపడ్డ కోతమిషన్ నుంచి పొడుగు జాకీలు తెచ్చి బిగించాడు. చక్రం అంత దిగితే బ్రేకు గొట్టాలు తెగిపోతాయని పొడుగువి వేశాడు. చక్రాలు తిప్పే షాఫ్టులు కూడా సాగేలా మార్చాడు. ఎడమ జాకీని కుడి జాకీతో గొట్టంతో కలిపాడు. ఒక చక్రం రాయెక్కితే దాని నూనె రెండోదానిలోకి పోయి దాన్ని కిందకి దింపుతుంది, పైన బండి మాత్రం మట్టంగా ఉంటుంది. సీటు వెనక నూనె ట్యాంకు పెట్టి, మూత బిగిస్తూ చెప్పాడు. "ఇందులో ఈ నూనె తప్ప ఇంకో నూనె పొయ్యకండి."

సీటు మీద మేస్త్రీల రసమట్టం పెట్టి, ఇటుకల గుట్టల మీద నడిపి చూపించాడు. ఒక చక్రం ఇటుకల మీద, ఒక చక్రం గోతిలో. రసమట్టంలో బుడగ కదలలేదు. ఎడ్లపందెం గెలిచిన రైతులా త్రిమూర్తులు కండువా దులిపాడు. చూడ్డానికి వెంటవచ్చిన చిట్టియ్య బుడగవైపు చాలాసేపు చూసి, "బాగుందండి," అన్నాడు. ఇంకేదో అనబోయాడుగానీ, ఆయన్నెవరూ అడగలేదు.

జాతర ముందురోజు తెల్లవారి బుల్లబ్బాయి తలస్నానం చేసి జీపుకి పూజ మొదలుపెట్టాడు. బానెట్టుకి పసుపు రాశాడు, బొట్లు పెట్టాడు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. కొబ్బరికాయ కొట్టబోతూ ఆగాడు. బానెట్టు అంటే తోలు. తోలుకి పూజ చేసి గుండెని వదిలేస్తే ఎలా? ఇవాళ గరగని కాపాడేది ఆ నూనె ట్యాంకే కదా.

పూజగదిలో, పుష్కరాల్లో కోటిలింగాల రేవు నుంచి తెచ్చిన గోదావరి నీళ్లు రాగిచెంబులో ఉన్నాయి. ఇన్నేళ్లూ ఒక్కచుక్క వాడకుండా మూతకి మైనం పెట్టి దాచాడు. తీసుకొచ్చి ట్యాంకు మూత విప్పాడు. ఒక్క ఉద్ధరిణెడు పోశాడు. చక్రాలు నాలుగు కదా అని ఇంకో మూడు పోశాడు. అమ్మ పనికి కొలతలేంటని ఆ తర్వాత తనమీద తనకే సిగ్గేసి, చెంబు ఒంపేశాడు. త్రిమూర్తులు ఇంకో నూనె పొయ్యొద్దన్నాడు. నీళ్ల సంగతి ఎత్తలేదు. అందులోనూ గోదావరి నీళ్ల సంగతి అసలెత్తలేదు.

తొమ్మిదింటికి డప్పులు మోగాయి. చిట్టియ్య కాళ్లు కడగడం అయింది. జీపు వెనక బిగించిన ఎత్తుపీట మీద ఆయన్ని కూర్చోబెట్టారు. నెత్తిన గరగ, ఒళ్లో చేతులు. త్రిమూర్తులు పక్కసీట్లో కూర్చున్నాడు. బుల్లబ్బాయి అమ్మవారి పేరు తలుచుకుని తాళం తిప్పాడు. వెనక ట్రాక్టరు తొట్టిలో డప్పులవాళ్లు, కమిటీవాళ్లు. అందరికన్నా ముందు గణేష్‌బాబు, గరగ మీంచి చూపు తిప్పకుండా. ఆయన పక్కన శ్యాంబాబు, కొత్తపంచెలో.

ఇసుకబాట మొదలైంది. ట్రాక్టరు పడవలా ఊగుతోంది. జీపు చక్రాలు తలో మాట చెబుతున్నట్టు పైకీ కిందకీ పోతున్నాయిగానీ, పైన పీట మాత్రం అరుగు మీద వేసినట్టే ఉంది. తొట్టిలో ఎవరో, "మా ఇంట్లో మంచం కూడా ఇంత కుదురుగా ఉండదండి," అన్నారు. గణేష్‌బాబు మొహం చిన్నబోయింది. బుల్లబ్బాయికి కళ్లు చెమర్చాయి. గోదావరమ్మ పలికింది అనుకున్నాడు.

పలికింది పాయ మధ్యలో.

జీపు నీళ్లలో సగందూరం వెళ్లాక ముందు ఎడమచక్రం దగ్గర బుసబుసమని చప్పుడైంది. బండి ఎడమమూల నెమ్మదిగా, పెద్దల కాళ్లకి మొక్కుతున్నంత వినయంగా కిందకి దిగింది. దిగి, మళ్లీ లేవలేదు. వెనక కుడిచక్రం నీళ్లలోంచి పైకొచ్చి గాల్లో తిరగసాగింది. త్రిమూర్తులు ఇంజను ఆపించి, వెనక్కి తిరిగి ట్యాంకు మూత విప్పాడు. నూనె తెల్లగా, నురగలు కక్కుతోంది.

"మజ్జిగైందండి," అన్నాడు. "ఎవరో ఇందులో నీళ్లు పోశారు."

బుల్లబ్బాయి పాయలోకి చూశాడు. అబద్ధం ఆడటానికి అది చోటు కాదు. వెనక గరగ, కింద గోదావరి.

"నేనేనండి. పుష్కరాల నీళ్లు. చెంబుడు."

తొట్టిలో డప్పులు కూడా ఒక్క దెబ్బ తప్పాయి. త్రిమూర్తులు నురగని వేళ్ల మధ్య రుద్ది చూసుకున్నాడు.

"ఉత్త నీళ్లు కూడా కాదండి. అడుగున ఒండ్రుంది. గోదారికి వేరే పనేముంది? ఒండ్రు తెచ్చి సందుల్లో మేటెయ్యడమే కదా. ఈ లంక అలాగే పుట్టింది. ఇప్పుడు నా వాల్వులో ఇంకో లంక పుట్టింది."

"మనసులో చెడు లేదండి."

"వాల్వుకి మనసు తెలీదు కదండి."

నిండుమనసుతో పోసినవి కూడా కొన్నిచోట్ల ఒండ్రే అవుతాయా అనుకున్నాడు బుల్లబ్బాయి.

ఈలోగా గణేష్‌బాబు తొట్టిలో లేచి నిలబడ్డాడు. "ఒరిగింది. అందరూ చూశారు. శ్యాంబాబూ, దిగు. గరగ ఎత్తుకో."

శ్యాంబాబు కొత్తపంచె మోకాళ్లపైకి కట్టి పాయలో దిగాడు. బుల్లబ్బాయి వెనక్కి తిరగలేకపోయాడు. తన చెంబు మూలంగా ఓ మనిషి ముప్ఫై ఎనిమిదేళ్ల సేవ అయిపోతోంది. దాన్ని చూసే ధైర్యం ఆయనకి లేదు. చూడకుండా ఉండే ధైర్యం కూడా లేకపోవడంతో, కాసేపటికి తిరిగాడు.

పీట బాగా వాలి ఉంది. దానిమీద చిట్టియ్య నడుం ఓ పక్కకి, ఛాతీ ఇంకో పక్కకి, మెడ మళ్లీ మొదటి పక్కకి వంకర్లు తిరిగి ఉన్నాయి. వాగుగట్టున పెరిగిన కొబ్బరిచెట్టులా ఉన్నాడు మనిషి. ఆ వంకర్లన్నిటి పైన గరగ, మేస్త్రీ గుండు కట్టిన దారం వదిలినంత నిటారుగా నిలబడి ఉంది. చేతులు ఇంకా ఒళ్లోనే ఉన్నాయి. భుజాలు డప్పుకి తగ్గట్టు మెల్లగా ఆడుతున్నాయి.

శ్యాంబాబు జీపెక్కబోయి రేకుమీద జారాడు. మళ్లీ ఎక్కి, కడ్డీ పట్టుకుని, చిట్టియ్య నెత్తికేసి చూశాడు. తన కాళ్లకేసి చూసుకున్నాడు.

"బావగారూ, నేను ఖాళీగానే నిలబడలేకపోతున్నానండి. ఇప్పుడు గరగ తీస్తేనే ఒరుగుద్ది."

"జీపు ఒరిగిందా లేదా?" అన్నాడు గణేష్‌బాబు.

"జీపు ఒరిగిందండి. మనం అనుకున్నది గరగ గురించి కదా," అంది తొట్టిలోంచి సత్యకుమారి. కమిటీలో ఆవిడ లేదుగానీ, పసుపునీళ్ల బిందెతో వెంట వచ్చింది. "మీటింగులో ఆ మాట మీరే అన్నారండి. గరగ వేలెడు ఒరిగితే అని. ఒరిగితే వేలు పెట్టి చూపించండి."

గణేష్‌బాబు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాడు. ఆయన మాటకారేగానీ, అమ్మవారి ముందు అబద్ధమాడే మనిషి కాదు. "ట్రాక్టరుకి గొలుసు కట్టండయ్యా," అని కూర్చున్నాడు.

ట్రాక్టరు ముందుకొచ్చి జీపుని లాగింది. ఎడమమూల నేలకు రాసుకుంటూ, కుడిమూల గాల్లో ఊగుతూ, కుంటి ఏనుగులా జీపు లంకలోకి నడిచింది. ప్రతి గోతికీ అది విదిలించినప్పుడల్లా చిట్టియ్య వంకర్లు మారాయి. గరగ మారలేదు. మధ్యాహ్నానికి ముందే పుట్టింటి గద్దె మీద దిగింది.

హారతి అయ్యాక బుల్లబ్బాయి చిట్టియ్య పక్కన కూర్చున్నాడు. "బాబాయ్, ముందే చెప్పొచ్చు కదా. కూర్చుంటే చాలు, ఏ బండైనా పర్లేదని."

"నన్నెవరు అడిగారండి? అందరూ జీపునే అడిగారు. నేను నడవలేనుగానీ మొయ్యలేనని ఎప్పుడన్నాను? నెత్తికీ మోకాళ్లకీ మధ్య చాలా దూరముంది."

"అయితే నేను పదంగుళాలు చేసింది ఎందుకండి?" అన్నాడు త్రిమూర్తులు. మొదటిసారి బండిని కాకుండా మనిషిని చూస్తూ అడిగాడు. గొంతు నిజంగా నొచ్చుకున్నట్టుంది. చేతిలో వాల్వు విప్పే పానా ఉంది.

చిట్టియ్య ఆ పానా వైపు చూశాడు. "అది విప్పకు నాయనా. అలాగే ఉండనియ్యి." తర్వాత శ్యాంబాబుని పిలిచాడు. ఆ కుర్రాడు బురదపంచెతో వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇవాళ నువ్వు నా నెత్తిన చెయ్యి వెయ్యకుండా ఆగావు చూడు, అది నాకు నచ్చింది. ఈ సేవ ఎవరూ లాక్కోకూడదు. నేనే ఇస్తాను. కానీ నేర్చుకుని తీసుకో. మాకు మా నాన్న గట్టు మీద, దుక్కి మీద నడిపించి నేర్పాడు. నీకు గట్లెక్కడున్నాయి, అన్నీ సిమెంటు రోడ్లే. ఆదివారం ఆదివారం ఈ ఒరిగిన జీపులో కూర్చో. బుల్లబ్బాయిగారు కుండీలిస్తారు."

బుల్లబ్బాయి జీపు తనదని గుర్తుచేద్దామనుకున్నాడు. చెంబు సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాడు.

ఇప్పుడు ఆదివారాలు నర్సరీలో కాస్త సందడిగా ఉంటుంది. ఒక మూల దిగిపోయిన జీపులో, మందారం కుండీ నెత్తిన పెట్టుకుని శ్యాంబాబు మెలికలు తిరుగుతూ ఉంటాడు. చిట్టియ్య కుర్చీలో కాళ్లు చాపుకుని డప్పు వాయిస్తుంటాడు. త్రిమూర్తులు కూడా రాజమండ్రి నుంచి పనిగట్టుకుని వస్తాడు. అతనిప్పుడు పంపు మార్చి, చిట్టియ్య చెయ్యి ఎటు చూపిస్తే ఆ మూల దించేలా మీటలు పెట్టాడు. పదంగుళాలూ పూర్తిగా దించినప్పుడు అతని మొహంలో ఆనందం దాగదు.

మొన్న ఆదివారం సత్యకుమారి చీపురూ చేటా తెచ్చి, పగిలిన కుండీల మట్టీ పెంకులూ ఎత్తుతూ, లోపలికి వినబడేలా అంది. "ఏవండీ, జపమైతే ఇటు రండి. పోయినవారం అయిదు. ఇవాళ రెండే."